నలభై ఒకటో పేజీ

పుస్తకం నమూనా ప్రతి చివర ఒక పట్టిక ఉంది. నలభై ఏళ్లలో సంస్థ లెక్కలు కట్టిన నిర్మాణాల్లో చెప్పుకోదగ్గవి నలభై ఆరు. నిర్మాణం, సంవత్సరం, కొలతలు, రూపకల్పన. నాలుగు గడులు. సంస్థ పెట్టినాయన బావమరిది అయిదో గడి కోసం పేజీ తిప్పాడు. అవతల ఏమీ లేదు.

"తనిఖీ గడి ఏదే?" అని అడిగాడు.

మేనకోడలు కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పలేదు. రెండేళ్లుగా సంస్థను నడుపుతున్నది ఆమే. "తీసేశాను మామయ్యా. నలభై ఆరు వరుసల్లోనూ నీ పేరే. చూడ్డానికి బాలేదు."

"రూపకల్పన గడిలో నలభై వరుసలు మీ నాన్న పేరేగా. అది బావుందా?"

"ఆరు వేరేవాళ్లవి ఉన్నాయి కదా, కాస్త మార్పుంది. నీ గడి మొత్తం ఒకటే పాట." ఆమె ఇప్పుడు తిరిగి చూసింది. "అయినా ముందుమాటలో నీకో వాక్యం పెట్టాను. చూశావా?"

చూశాడు. ముందుమాట మూడో పేజీలో, డ్రైవర్లకీ క్యాంటీన్ వాళ్లకీ కృతజ్ఞతలు చెప్పిన పేరాకి పైన ఉంది. 'ప్రతి డ్రాయింగునూ ఓపికతో తనిఖీ చేసిన సహచరుడు.' బావ గురించి పదకొండు పేజీలున్నాయి.

"ఓపికట," అన్నాడు.

"ఇంకేం రాయమంటావు చెప్పు, రాస్తాను. నువ్వేం కట్టావు?"

ఆమె దెప్పడానికి అనలేదు. పట్టిక నింపేవాళ్లు అడిగే ప్రశ్నే అది. బావమరిది పుస్తకం మూశాడు. నమూనా ప్రతి చంకలో పెట్టుకుని తన గదికి వెళ్లాడు. పుస్తకం అచ్చుకి వెళ్లేలోపు ప్రతి పేజీ మీదా అతని టిక్కు పడాలి. గడువు మర్నాడు ఉదయం.

*

సంస్థను బావ ఒక మందుల షాపు పైగదిలో మొదలుపెట్టాడు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఆనించిన డ్రాయింగు బోర్డు. మొదటి పని నీళ్ల ట్యాంకు. రెండోదీ నీళ్ల ట్యాంకే. మూడో ఏడు భార్య తమ్ముణ్ణి పిలిచి రెండో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో అయిదేళ్ల తేడాతో చదువుకున్నారు. ఆ తర్వాత పిండిమిల్లు గిడ్డంగి, కాలవ మీద నడక వంతెన, ఆరంతస్తుల ఆసుపత్రి వచ్చాయి. ఇప్పుడు సొంత భవనంలో మూడంతస్తులు, అరవై మంది.

ఇద్దరైన దగ్గర్నుంచీ అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి లెక్కనీ ఇద్దరు చేస్తారు. రూపకల్పన చేసినవాడి నోట్‌బుక్‌ను తనిఖీ చేసేవాడు ముందుగా చూడకూడదు. డ్రాయింగు మాత్రం తీసుకుని, తన దారిన తాను మొదటి నుంచి లెక్క వేసుకోవాలి. తర్వాత రెండు నోట్‌బుక్‌లూ ఒకే బల్ల మీద తెరుస్తారు. జవాబులు కలిస్తే తనిఖీ చేసినవాడు ఆ పేజీ మీద ఆకుపచ్చ సిరాతో టిక్కు పెడతాడు. కలవకపోతే సున్నా చుడతాడు. అంతకు మించి ఆ సిరాతో ఒక్క అక్షరం రాయకూడదు. దిద్దుకోవడం రూపకల్పన చేసినవాడి పని. టిక్కు లేని డ్రాయింగు గుమ్మం దాటకూడదు.

పద్ధతి పెట్టినవాడు బావ. ఆకుపచ్చ సిరా ఇచ్చింది బావమరిదికి. ఆఫీసులో అతన్ని టిక్కు సారు అంటారు. ఎదురుగానే అంటారు. ముప్పై ఎనిమిదేళ్లలో టిక్కు సారు టిక్కు ఒక్కటీ తప్పు కాలేదని కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెబుతారు. అతనికున్న పేరు అదొక్కటే. అది అబద్ధమని అతనికి ఇరవయ్యేడేళ్లుగా తెలుసు.

*

బావ గురించి పేపర్లో వచ్చిన ప్రతి ముక్కనీ బావమరిది కత్తిరించి దాచాడు. అక్క అది అభిమానం అనుకుంది. అతను ఒక్కో ముక్క వెనక ఒక్కో అంకె వేశాడు. మొన్నటికి నూట ముప్పై నాలుగు. తన పేరు వచ్చింది రెండుసార్లు. అందులో ఒకసారి ఇంటిపేరు తప్పు.

వాటిలో అతను ఎక్కువసార్లు తీసి చూసిన ముక్క బస్టాండు ప్రారంభోత్సవానిది. ఫొటోలో బావ నవ్వుతున్నాడు. ఆయన ఎడమ భుజం మీద నాలుగు వేళ్లున్నాయి. వేళ్ల అవతల ఫొటో కోసేశారు. ఆ వేళ్లు బావమరిదివి.

సంస్థకు పేరు తెచ్చింది ఆ బస్టాండే. పైకప్పు పొడవు డెబ్బై రెండు మీటర్లు. మధ్యలో ఒకే వరుసలో ఏడు స్తంభాలు. వాటికి రెండు వైపులా ఇనప రేకుల కప్పు, చెరి పదకొండు మీటర్లు, రెక్కల్లా పైకి లేచి ఉంటుంది. బస్సులకి ఎక్కడా స్తంభం అడ్డు రాదు. వాన నీళ్లు రెండు రెక్కల మీంచీ నడిమి లోయలోకి జారి, స్తంభాల లోపలి గొట్టాల గుండా నేలలోకి పోతాయి. బయటికి గొట్టం కనిపించదు. చూడ్డానికి వేరే ఊళ్ల నుంచి ఇంజనీర్లు వచ్చారు.

ఆ పనిలో బావ నోట్‌బుక్ అరవై పేజీలు. మొదటి నలభై పేజీల్లో బావమరిది పదిహేడు సున్నాలు చుట్టాడు. వాటిలో నిజంగా లెక్క కలవనివి నాలుగు. మిగతావి దశాంశ బిందువుకి కుడివైపు మూడో అంకె గురించి. పదిహేడో సున్నా చుట్టిన రోజు బావ ఆ పేజీని హాల్లో అందరి ముందూ పైకెత్తి చూపించాడు.

"వీడికి మా పెళ్లిఫొటో ఇచ్చినా సున్నా చుడతాడు!"

"చుట్టాల్సిందే బావా. అప్పుడే పట్టుకోవాల్సిన తప్పు అది," అన్నాడు బావమరిది.

హాలంతా నవ్వింది. బావే అందరికంటే ఎక్కువ నవ్వాడు. అదీ బావమరిదికి నచ్చలేదు. తన మాటకి కూడా ఆయనే నవ్వి పేరు కొట్టేస్తాడు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఏరా, ఆయన ఏం చేసినా నీ కళ్లు మండిపోతాయా? ఆఫీసులో ఏమనుకుంటున్నారో తెలుసా? ఓర్వలేక చేస్తున్నాడంటున్నారు. నాకు తలకొట్టేసినట్టుంది."

"లెక్క తప్పితే చెప్పకూడదా అక్కా?"

"తప్పితే చెప్పు. ఏడవకు."

చిన్నప్పుడు అతని పరీక్షలప్పుడు తెల్లారుజామున లేచి పక్కన కూర్చుని, అతను నిద్రపోకుండా చూసిన మనిషి ఆమె. ఇప్పుడు అవతలి పక్షం. ఆ ఒక్క సంగతికి బావని అతను ఎప్పుడూ క్షమించలేదు.

మర్నాడు నలభై ఒకటో పేజీ వచ్చింది. విషయం చిన్నది. గొట్టాలు ఆకులతో పూడిపోతే లోయలో నీళ్లు నిలుస్తాయి. ఆ బరువు స్తంభానికీ స్తంభానికీ మధ్యనున్న బీము మీద ఎంత పడుతుంది? బావమరిది డ్రాయింగు తీసుకున్నాడు. అంతకు నెల కిందట ఆర్కిటెక్టు లోయ కనిపించకూడదని రెండు కొసల్లోనూ ముప్పై సెంటీమీటర్ల ఎత్తు ఇనప పలకలు అడ్డం పెట్టించాడు. అంటే నీళ్లు అంత ఎత్తు వరకు నిలవగలవు. మీటరు పొడవుకి తొమ్మిది వందల కిలోలు. అతను తన నోట్‌బుక్‌లో ఆ అంకె వేసి కింద గీత గీశాడు.

బావ పేజీలో నీటి లోతు పది సెంటీమీటర్లని ఉంది. బరువు మీటరుకి వంద కిలోలు. పలకలు రాకముందు చేసిన లెక్క. తర్వాత మార్చడం మరిచిపోయాడు. లోయ ఆకారం వల్ల లోతు మూడింతలైతే బరువు తొమ్మిదింతలవుతుంది. ఆ బరువు పడితే బీము నిలవదు.

రెండు నోట్‌బుక్‌లూ బల్ల మీదున్నాయి. బావమరిది తనది తెరవలేదు. బావ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, కలిసిందా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

"కలిసింది," అన్నాడు బావమరిది. టిక్కు పెట్టాడు.

పద్దెనిమిదో సున్నా చుట్టి మళ్లీ హాల్లో నవ్వులపాలు కావడం ఇష్టంలేక పెట్టానని చాలాకాలం తనకి తాను చెప్పుకున్నాడు. అందులో నిజం ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. బావ చేసిన తప్పు ఒకటి లోకంలో ఉండాలని అతనికి ఉంది. సున్నా చుట్టి ఉంటే అది ఆ పూటే దిద్దుకుపోయేది.

*

బస్టాండు తెరిచిన రెండు నెలలకి వానలు మొదలయ్యాయి. మొదటి వానకే బావమరిది గొడుగేసుకుని వెళ్లి నాలుగో స్తంభం కింద నిలబడ్డాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. బెంచీల మీద మనుషులు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. అతను వాళ్లని లెక్కపెట్టాడు. వంద దాటాక ఆపేశాడు.

మర్నాడు నిచ్చెన అడిగి పైకెక్కాడు. లోయలోని ఆకులన్నీ చేత్తో తీసి, గొట్టాల మూతులు శుభ్రం చేశాడు. "తనిఖీ," అని వాచ్‌మన్‌తో చెప్పాడు. ఆ వానాకాలమంతా వారానికి రెండుసార్లు ఎక్కాడు. ఎక్కిన ప్రతిసారీ బావకి చెప్పేయాలనుకున్నాడు. దిగాక వాయిదా వేశాడు.

మరుసటి ఏడు వానలకి ముందు వెళ్లేసరికి రెండు కొసల పలకల్లోనూ కంతలు కోసి ఉన్నాయి. కొసకి రెండేసి. టేపు పెట్టి చూశాడు. కంత అడుగు లోయ మట్టానికి సరిగ్గా పది సెంటీమీటర్ల ఎత్తున ఉంది. నీళ్లు ఇక పది దాటవు. దాటితే బయటికి పోతాయి. నలభై ఒకటో పేజీలో ఒక్క అంకె మార్చకుండా ఆ పేజీని బావ నిజం చేసేశాడు.

ఆ కంతల డ్రాయింగు బావమరిది దగ్గరికి రాలేదు. టిక్కు లేకుండానే గుమ్మం దాటింది.

అతనికి గుండెల మీంచి బరువు దిగింది. నిచ్చెన దిగేలోపే ఇంకోటి ఎక్కింది. తప్పుని కూడా ఆయనే కనిపెట్టుకున్నాడు. ఆయనే దిద్దుకున్నాడు. తనకంటూ దాచుకున్న ఒక్కటీ పోయింది.

ఆ ఏడు గట్టి వానకి రెండు కొసల నుంచీ నీళ్లు తెరల్లా దూకాయి. జనం బస్సులు వదిలేసి చూశారు. అప్పటి నుంచీ వానొస్తే అదే ఫొటో. పోస్టుకార్డుల మీద అదే, సంస్థ క్యాలెండర్ల మీద అదే.

ఇప్పుడు పుస్తకం అట్ట మీదా అదే. లోపల ఆ ఫొటో కింద ఇలా ఉంది: 'వానలో నీటి తెరలు. రూపకల్పన దశలోనే ముందుచూపుతో ఏర్పాటు చేసినవి.'

బావమరిది ఆకుపచ్చ పెన్ను మూత తీశాడు. కాసేపు ఆగి, మూత పెట్టేశాడు. లేచి పాత ఫైళ్ల గదికి వెళ్లాడు.

*

అతనికి కావలసింది తన నోట్‌బుక్. ముప్పై సెంటీమీటర్లు, తొమ్మిది వందల కిలోలు. ఆ తప్పు ముందుగా చూసింది తనేనని తన చేతిరాతే చెబుతుంది. దాన్ని మేనకోడలి బల్ల మీద పెడితే, నువ్వేం కట్టావు అన్న ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. దాంతోపాటే తన టిక్కు కూడా బయటపడుతుంది. ఆ సంగతి ఆలోచిస్తూనే అట్ట దులిపి పేజీలు తిప్పాడు.

తొమ్మిది వందల కింద రెండు గీతలున్నాయి. ఒకటి అతను సిరాతో గీసింది. దాని కింద ఇంకోటి, పెన్సిల్‌తో. పక్కన తారీఖు. అతను టిక్కు పెట్టిన ఏడాదిన్నర తర్వాతి తారీఖు, కంతలు రావడానికి ముందుది. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెట్టే అలవాటు ఆఫీసులో ఒక్కరికే ఉంది.

మధ్యాహ్నం రెండింటికి బావ ఇంటికి వెళ్లాడు. మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి బావ ముందు గదిలోనే, కాలు స్టూలు మీద పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. అక్క పక్కన కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది.

బావమరిది నోట్‌బుక్ తెరిచి ఆయన ఒళ్లో పెట్టాడు. "ఈ గీత ఎవరిది?"

బావ కళ్లజోడు సర్దుకుని చూశాడు. పేపరు మడిచాడు. "నాదే."

"నా నోట్‌బుక్ ఎందుకు తీశారు?"

"బస్టాండు వాచ్‌మన్ చెప్పాడు. 'అయ్యగారూ, మీ బావమరిదిగారు వారానికి రెండుసార్లు పైకెక్కి ఆకులేరుతున్నారు, ఆయన ఒంట్లో బానే ఉందా' అని. నువ్వు నిచ్చెన ఎక్కే మనిషివా? బల్బు మార్చాలంటేనే మీ అక్కని పిలుస్తావు. ఏదో ఉందనుకున్నా. వెళ్లి నీ నోట్‌బుక్ తీశా."

"ఏం ఆకులు? ఎప్పుడు?" అంది అక్క.

"నువ్వుండవే," అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఒకరు పెళ్లాన్నీ ఒకరు అక్కనీ. ఆమె సూది ఆపి ఇద్దర్నీ చూసింది.

"చూసినరోజే నన్ను పిలిచి అడగొచ్చుగా బావా? తప్పుకి టిక్కు ఎందుకు పెట్టావురా అని నలుగురిలో తిట్టొచ్చుగా?"

"అడిగితే నువ్వు చెప్పేవాడివి."

"చెప్పేవాణ్ణే."

"అదే నాకు ఇష్టం లేకపోయింది." బావ కాలు కొంచెం సర్దుకున్నాడు. "ఒరే, ఆ పైకప్పు మీద నేను పద్నాలుగు నెలలు కూర్చున్నా. నువ్వు ఒక పూటలో పట్టేశావు. ఎనిమిది లైన్లు. ఆ పేజీ చూసినరోజు నాకు అన్నం దిగలేదు. మీ అక్కనడుగు."

"నాకేం చెప్పారు? జ్వరమన్నారు," అంది అక్క.

"ఆ తర్వాత నీ నోట్‌బుక్‌లన్నీ తీసి చూడ్డం మొదలెట్టా. ఒక్కో పని అవగానే, నువ్వు లేనప్పుడు. వంతెనకి నాకు ఇరవై రెండు పేజీలు. నీకు తొమ్మిది. ఆసుపత్రి పునాదులకి నాకు ముప్పై, నీకు పదమూడు. జవాబు ఒకటే. నాకు ఒళ్లు మండిపోయేది."

బావమరిది ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. "వంతెనకి ఎన్నన్నారు?"

"తొమ్మిది."

"మీకు?"

"చెప్పాగా. ఇరవై రెండు. మళ్లీ చెప్పించుకుంటున్నావేంట్రా?"

"సరిగ్గా వినపళ్లేదు."

అక్క దారం కొరికింది. "ఆడపడుచుల పోరు గురించి విన్నాను గానీ, ఇలాంటిది ఎక్కడా చూళ్లేదు. ఇరవయ్యేడేళ్లు ఒకరి నోట్‌బుక్ ఒకరు దొంగతనంగా చూసుకోవడమేంటి?"

"నేను చూళ్లేదు," అన్నాడు బావమరిది.

"నువ్వు పేపరు ముక్కలు చూసుకున్నావులే. వెనకాల నంబర్లేసి."

అతను తల దించుకున్నాడు. ఆ అంకెల సంగతి ఎవరికీ తెలియదనుకున్నాడు.

 బావ నోట్‌బుక్ మూసి అతని చేతికిచ్చాడు. "పుస్తకంలో ఆ కంతలు నీవని రాయించు. అమ్మాయికి నేను ఫోన్ చేస్తా. అట్ట మీది ఫొటో నీదవుతుంది. సరేనా?"

బావమరిది ఇరవయ్యేడేళ్లుగా ఎదురుచూసిన మాట అది. విని సంతోషం వేసింది. అది గేటు దాకా నిలిచింది. చెప్పులు వేసుకుంటూ ఆ వాక్యాన్ని మనసులో తనిఖీ చేశాడు. కంతలు తనవి కావు. తను దిద్దాల్సి వస్తే బీము మార్పించేవాడు. ఆరు బీములూ విప్పి, లావుపాటివి వేయించేవాడు. పలకకి కంత కోస్తే సరిపోతుందన్న ఊహ తనకి తట్టలేదు. ఇప్పుడు కూడా తట్టి ఉండేది కాదు. అది తెలిసేసరికి చెప్పు పట్టీ బిగిస్తున్న చెయ్యి ఆగింది. ఆ ఊహ కూడా బావదే.

*

మర్నాడు ఉదయం నమూనా ప్రతి మేనకోడలి బల్ల మీద పెట్టాడు. ప్రతి పేజీ మీదా టిక్కు ఉంది, ఒక్కదాని మీద తప్ప. ఫొటో కిందున్న మాటల చుట్టూ సున్నా ఉంది. పక్కన ఆకుపచ్చ సిరాతో నాలుగు వాక్యాలున్నాయి. అతని ఆకుపచ్చ అక్షరాలు ఆమె ఎప్పుడూ చూడలేదు. పైకి చదివింది.

"'లోయలో నిలిచే నీటి లోతును రూపకర్త పది సెంటీమీటర్లని తప్పుగా తీసుకున్నారు. ముప్పై అని తనిఖీదారు లెక్క తేల్చారు. తేల్చి కూడా ఆ పేజీకి టిక్కు పెట్టారు. నీటి తెరలకు కారణమైన కంతలు రూపకర్త తర్వాత కోయించినవి, వాటికి అప్పట్లో తనిఖీ జరగలేదు.'" ఆమె తలెత్తింది. "మామయ్యా, నాన్న కంతలు నీవని రాయమన్నారు. రాత్రి ఫోన్ చేశారు."

"ఆయన చెప్పింది తప్పు. అందుకే సున్నా చుట్టాను."

"ఇది వేస్తే నీ టిక్కు తప్పని అందరికీ తెలుస్తుంది. నీకు మిగిలిందే అది."

"తెలుసు."

"నాన్న తప్పు కూడా తెలుస్తుంది."

"అది మొదటి వాక్యంలోనే పెట్టాను."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "మరి తనిఖీ జరగలేదని ఉందిగా. తనిఖీ లేనిది అట్ట మీద ఎలా వెయ్యను?"

"నిన్న సాయంత్రం చేశాను," అని బావమరిది రెండు కాయితాలు తీసి ఇచ్చాడు. కంతల వెడల్పు, వాటిలోంచి గంటకి పోగల నీళ్లు, ఆ ప్రాంతంలో ఇప్పటిదాకా పడిన పెద్ద వాన. లెక్క సరిపోయింది. ఎక్కడన్నా ఒక సెంటీమీటరు తగ్గుతుందేమోనని మూడు దారుల్లో చేసి చూశాడు. మూడు దారుల్లోనూ సరిపోయింది. కాయితం అడుగున టిక్కు ఉంది. మామూలు కంటే చిన్న టిక్కు.

ఆ నాలుగు వాక్యాలూ అలాగే అచ్చయ్యాయి. చివర తనిఖీ తారీఖు మాత్రం మేనకోడలు కలిపింది. పట్టికలో అయిదో గడి కూడా పెట్టింది. నలభై ఆరు వరుసల్లోనూ ఒకటే పేరు.

పుస్తకం చేతికొచ్చిన రోజు బావమరిది తలుపు వేసుకుని ఆ పేజీ తెరిచాడు. డ్రాయరులోంచి స్కేలు తీసి పేజీ మీద పెట్టాడు. తన వాక్యాలు రెండు, బావవి రెండు. కొలిస్తే బావవి నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ తేలాయి. రెండోసారి కొలుస్తుండగా ఫోన్ మోగింది.

"ఏరా," అన్నాడు బావ అవతల్నుంచి. "నా తప్పేమో మొదటి వాక్యంలో, నీదేమో మూడో వాక్యంలోనా? ఇదెక్కడి న్యాయంరా?"

"జరిగిన వరుసలోనే రాశాను బావా," అన్నాడు బావమరిది. స్కేలు డ్రాయరులో పెట్టేశాడు.